ఇతరములు

కలెక్టరాఫీసు వెనక, పాత రికార్డుల గదిలో
నా పని కాగితాన్ని గాజు మీద బోర్లా పడుకోబెట్టడం.
వెలుగు ఈ చివర నుంచి ఆ చివరికి ఒక్కసారి పాకుతుంది,
జ్వరమొచ్చిన పిల్ల వీపు మీద అమ్మ చెయ్యిలా.
రోజుకి ఆరొందల పేజీలు. పేజీకి నలభై పైసలు.
కిటికీలోంచి ఉప్పుగాలి. దూరంగా హార్బర్లో ఓడ కూత.

చదవక్కర్లేదమ్మా, అన్నారు శివున్నాయుడు గారు మొదటిరోజే.
చదివితే లెక్క తగ్గిపోద్ది.
పదకొండు రోజులు చదవలేదు నేను.

పన్నెండో రోజు మా ఊరు కనబడింది.
గుమ్మిగెడ్డని గుమ్ముగుడ్డ అని రాసేడు దొర.
మొహానికి మసి పూసినా మనిషిని పోల్చుకోమా!

కింద వరసలో:
శత్రువులు, చనిపోయినవారు ఏడుగురు.
మన వైపు నష్టం, ఒక కంచరగాడిద.
గాడిదకి పేరుంది, డైసీ. వయసుంది, ధర ఉంది.
ఆ ఏడుగురికీ ఏడు అనే అంకె సరిపోయింది.

పేజీ తిప్పితే, శత్రువు నుంచి పట్టుకున్న ఆయుధాలు:
జీలుగు గీసే కత్తి.
గొడ్డళ్ళు మూడు, ఒకదానికి కర్ర లేదు.
తుడుం ఒకటి, అది మోగితే సిపాయిలకి నిద్ర పట్టదట.
సామలు, అరబస్తా.

సామల్ని ఆయుధాల్లో కలిపినవాడి దస్తూరి
ఎంత గుండ్రంగా ఉందో.
ఎక్కడా చెయ్యి వణకలేదు.

ఫైలు నిండా ఒకటే మాట, శాంతి.
శాంతికి తూటాలు పన్నెండొందలు.
శాంతికి కావిళ్ళు మొయ్యడానికి ఎనభైమంది, వెట్టికి.
శాంతికి ఒక రోడ్డు.
మేం పోడు కొడితే అడవిని చంపినట్టు,
వాళ్ళు రోడ్డుకి కొడితే నిద్ర లేపినట్టు.
కొండవాడు పసిపిల్లాడు అని ఒక పేరాలో,
కొండవాడు పులి అని దాని కిందే.
పిల్లాణ్ణయితే బెత్తంతో దిద్దాలి, పులినయితే కాల్చాలి.
ఏ పూటకి ఏది కావాలో
ఆ పూటకి అదయ్యేం మేం.

అవ్వకి ఫోన్ చేసి చెప్పేను.
అవతల పొగాకు ఉమ్మిన చప్పుడు, తరవాత నవ్వు.
"మనం కొండమీదే ఉన్నాం కదే.
ఆళ్ళు సముద్రం దాటి, ఘాటీ ఎక్కి, మన గుమ్మం కాడికొచ్చేరు.
గుమ్మంలో నిలబడ్డోడు శత్రువైతే
తలుపు తన్నినోణ్ణి ఏటంటారే, సదువుకున్నదానా?"

ప్రతి ఫైలుకీ కంప్యూటర్లో ఒక గడి నింపాలి, విషయం అని.
ఉన్నవాటిలోంచే ఎంచుకోవాలి, సొంతంగా రాయడానికి లేదు.
ఫితూరీ. బందిపోట్లు. శాంతిభద్రతలు. ఇతరములు.
చాలాసేపు చూసి
ఇతరములు నొక్కేను.

శనివారం సాయంత్రం, కాంప్లెక్సులో పాడేరు బస్సు.
టోపీ కుర్రాడు, మా తమ్ముడి వయసుంటుంది, బ్యాగు తియ్యమన్నాడు.
ఏజెన్సీయా? అన్నాడు. ఆధార్ చూడకముందే అన్నాడు.
గంజాయి ఉందా అని కాదు,
ఎక్కడ పెట్టేవు అని అడిగేడు.
ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టేను.
జగదాంబ దగ్గర కొన్న చంటిపిల్ల బూట్లు.
అవ్వ కళ్ళజోడు. కేజీహెచ్‌లో ఇచ్చిన మాత్రలు.
ఎండుచేపల పొట్లం.
లాఠీ కొసతో చేపల్ని కదిపి చూసేడు.
ఏదో రాసుకున్నాడు.
అతని రాత గుండ్రంగా లేదు, తొందరలో ఉన్నాడు పాపం.
నా వెనక మావాళ్ళే ఇరవైమంది
సంచుల మూతులు విప్పుకుని నిలబడి ఉన్నారు.

బస్సు ఘాటీ ఎక్కుతుంటే చెవులు మూసుకుపోయేయి.
ఏడుగురిలో అవ్వకి ఆరు పేర్లే గుర్తు.
గాసన్న మా ముత్తాత. సుక్రి అనే ఆవిడ కూడా ఉందట,
ఫైల్లో ఆడమనిషి అన్న మాట లేదు.
ఏడో మనిషి ఎవరో చెప్పగలిగినవాళ్ళు
మొన్న వానల్లో పోయేరు.

డైసీ పేరు మాత్రం
నాకు నోటికొచ్చేసింది.